నది ఒకటే, ప్రయాణాలు రెండు: ‘హకల్‌బెరీ ఫిన్’ నవలలో ప్రకృతి, సమాజం

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని శ్రద్ధగా చదివిన తరవాత మీరు మార్క్ ట్వేన్ రాసిన ‘హకల్‌బెరీ ఫిన్’ నవలలో ప్రకృతి, సమాజం అన్న రెండు భావాలు ఎలా పనిచేస్తాయో వివరించగలుగుతారు. మిసిసిపీ నది హక్‌కూ జిమ్‌కూ ఒకే అర్థం ఎందుకు ఇవ్వదో సంఘటనలతో చూపగలుగుతారు. ‘ప్రకృతి మంచిది, సమాజం చెడ్డది’ అనే సూత్రం ఈ నవలకు ఎంతవరకు సరిపోతుందో చర్చించగలుగుతారు.

7.1 పరిచయం

ఈ నవల మీద ప్రశ్న వస్తే చాలామంది విద్యార్థులు ఒకే తీరు జవాబు రాస్తారు. ఒడ్డు మీద సమాజం ఉంది, అక్కడ అబద్ధం, క్రూరత్వం, బానిసత్వం ఉన్నాయి. నది మీద ప్రకృతి ఉంది, అక్కడ స్వేచ్ఛ, స్నేహం ఉన్నాయి. హక్ ఒడ్డును వదిలి నదిని ఎంచుకున్నాడు. ఇంతవరకు రాసి ఊరుకుంటే సగం జవాబే అవుతుంది. ఆ తెప్ప మీద ఇద్దరు మనుషులు ఉన్నారన్న సంగతి అందులో ఎక్కడా కనిపించదు.

మార్క్ ట్వేన్ అసలు పేరు శామ్యూల్ లాంగ్‌హార్న్ క్లెమెన్స్ (1835–1910). మిసిసిపీ ఒడ్డున మిసోరి రాష్ట్రంలోని హానిబల్ అనే చిన్న పట్టణంలో పెరిగాడు. 1859లో ఆవిరి పడవ నడిపే పైలట్‌గా లైసెన్సు పొందాడు. ‘మార్క్ ట్వేన్’ అన్న మాట కూడా పడవ వాళ్లదే. నీటి లోతు రెండు నిలువులు, అంటే పన్నెండు అడుగులు ఉంది, పడవ పోవచ్చు అని కేకవేసి చెప్పే సంకేతం అది. ఈ రచయిత నదిని ఒడ్డున నిలబడి చూసి మెచ్చుకున్నవాడు కాదు, దాని లోతులూ ఇసుక దిబ్బలూ బతుకుతెరువు కోసం నేర్చుకున్నవాడు. నవలలో నది వర్ణనలు ఎంత అందంగా ఉన్నా ఎక్కడో ఒక జాగ్రత్త వినిపించడానికి కారణం ఇదే.

ట్వేన్ ఈ నవలను 1876లో మొదలుపెట్టి, మధ్యలో ఆపి, 1883లో ముగించాడు. 1884 డిసెంబరులో ఇంగ్లండులో, 1885 ఫిబ్రవరిలో అమెరికాలో అచ్చయింది. కథాకాలం మాత్రం దానికి సుమారు నలభై, యాభై ఏళ్లు వెనకటిది. బానిసత్వం 1865లో చట్టప్రకారం రద్దయింది. అంటే పుస్తకం వచ్చేనాటికి బానిసత్వం లేదు, కథలో ఉంది. ఈ ఎడం గుర్తుంచుకోండి. తెలుగులో ఈ నవలను నండూరి రామమోహనరావు (1927–2011) అనువదించారు. ‘టామ్ సాయర్’, ‘రాజు–పేద’ కూడా ఆయన చేతి మీదుగానే తెలుగు పిల్లలకు అందాయి. మనలో చాలామంది ఈ కథను మొదట ఒక సాహస కథగా చదవడానికి అదే కారణం. డిగ్రీ స్థాయిలో దీన్ని మళ్లీ చదువుతున్నప్పుడు ఆ సాహసం కింద ఉన్నది చూడాలి.

7.2 ఒడ్డు

హక్‌కు పదమూడు, పద్నాలుగేళ్లు. తల్లి లేదు, తండ్రి తాగుబోతు. వితంతువు డగ్లస్ అతన్ని చేరదీసి మనిషిని చేయాలనుకుంటుంది. ఆమె చెల్లెలు మిస్ వాట్సన్ అక్షరాలు దిద్దిస్తుంది, స్వర్గం నరకం చెబుతుంది, కూర్చోవడం నిలబడడం నేర్పుతుంది. జిమ్ యజమానురాలు ఈమే. ప్రార్థన చేయించే చేతులతోనే ఆమె మనిషిని అమ్మకానికి పెట్టగలదు, అందులో ఆమెకు ఏ వైరుధ్యమూ కనిపించదు. ట్వేన్ ఆమెను రాక్షసిగా చిత్రించలేదు. ఊళ్లో గౌరవంగా బతికే మామూలు మనిషిగానే చూపాడు.

నది దిగువకు పోయినకొద్దీ సమాజం ఇంకా కొన్ని ముఖాలు చూపుతుంది. గ్రాంజర్‌ఫోర్డ్, షెపర్డ్‌సన్ కుటుంబాలు తరాలుగా ఒకరినొకరు చంపుకుంటూ ఉంటాయి. గొడవ ఎందుకు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. ఆదివారం తుపాకులు పక్కన పెట్టుకునే చర్చిలో కూర్చుంటారు, సోదరప్రేమ మీద ప్రసంగం వింటారు, ఇంటికి వస్తూ ప్రసంగం బాగుందని మెచ్చుకుంటారు. మరో ఊళ్లో కర్నల్ షెర్‌బర్న్ నోరు పారేసుకున్న ఒక తాగుబోతును పట్టపగలు వీధిలో కాల్చి చంపుతాడు. జనం అతన్ని ఉరితీయడానికి గుంపుగా పోయి, అతని మాటలకు జంకి తిరిగి వస్తారు. ఈ సన్నివేశాలను పాఠ్యపుస్తకాలు విస్తారంగా చర్చించాయి కాబట్టి ఇక్కడ ఆగనక్కర లేదు.

ఎక్కువమంది గమనించని సన్నివేశం ఇంకొకటి ఉంది. హక్ తండ్రి కొడుకును వితంతువు ఇంటి నుంచి ఎత్తుకుపోయి, నదికి అవతల ఇలినాయ్ ఒడ్డున అడవిలో ఒక దుంగల గుడిసెలో పెడతాడు. అక్కడ బడి లేదు, చర్చి లేదు, ఇస్త్రీ బట్టలు లేవు. చేపలు పట్టుకోవచ్చు, తిట్టుకోవచ్చు, పొగ తాగవచ్చు. మొదట్లో హక్‌కు అది నచ్చుతుంది కూడా. కాని తండ్రి బయటికి పోతే తలుపుకు తాళం వేసి పోతాడు, ఇంట్లో ఉంటే కొడతాడు. ఒక రాత్రి తాగిన మత్తులో కత్తి పట్టుకుని వెంటపడతాడు. ప్రకృతిలో ఉండడమే స్వేచ్ఛ అయితే ఈ అడవి గుడిసె స్వర్గం కావాలి. అది నవల మొత్తంలో హక్‌కు అతి భయంకరమైన చోటు. తేలిక సూత్రం మొదట విరిగేది ఇక్కడే.

7.3 తెప్ప మీద బతుకు

హక్ తాను హత్యకు గురైనట్టు ఆనవాళ్లు సృష్టించి తప్పించుకుని జాక్సన్ దీవికి చేరతాడు. అక్కడ జిమ్ కనిపిస్తాడు. తనను ఎనిమిది వందల డాలర్లకు న్యూ ఆర్లియన్స్‌కు అమ్మేయబోతున్నారని మిస్ వాట్సన్ మాటల్లో విని జిమ్ పారిపోయి వచ్చాడు. ఇద్దరూ ఒక తెప్ప మీద నది వెంబడి దిగువకు బయలుదేరతారు. పగలు దాక్కుని, రాత్రి ప్రయాణం చేస్తారు. తెల్లవారుజామున నది మీద మొదట వెలుగు కనిపించే తీరు, దూరాన ఎవరో కట్టెలు కొడుతుంటే గొడ్డలి దిగడం ముందు కనిపించి చప్పుడు తరవాత వినిపించడం హక్ తన మాటల్లో చెప్పిన పేజీలు అమెరికన్ గద్యంలోనే గొప్పవి అనిపించుకున్నాయి. మిసోరిలోనే పుట్టిన కవి టి.ఎస్. ఎలియట్ 1950లో ఈ నవలకు పీఠిక రాస్తూ నదిని ఒక దేవతగా చదివాడు.

ఆ పఠనం ఆకర్షణీయంగా ఉంటుంది. అయితే తెప్ప వివరాలు చూడండి. అది ఎవరో నరికి, కట్టి, వరదలో పోగొట్టుకున్న కలప తెప్పలో ఒక ముక్క. వెడల్పు పన్నెండు అడుగులు, పొడవు పదిహేను, పదహారు అడుగులు. తిండి విషయానికొస్తే, చేపలతో పాటు ఒడ్డున ఊళ్లలో కొన్న పిండి, మాంసం ఉన్నాయి. ఇవి కాక హక్ రాత్రిపూట పొలాల్లోకి దూరి పుచ్చకాయలు, గుమ్మడికాయలు, మొక్కజొన్న ‘అప్పు’ తెస్తాడు. ఇది దొంగతనమా కాదా అని ఇద్దరూ ఒక రాత్రంతా తర్కించుకుంటారు. చివరకు కొన్నింటిని జాబితాలోంచి తీసేస్తే మిగతావి తినవచ్చని తేల్చుకుంటారు. తీసేసినవి ఏవంటే పుల్లటి అడవి ఆపిళ్లు, ఇంకా మాగని పండ్లు! ట్వేన్ హాస్యం ఇలా ఉంటుంది. కాని నవ్విన తరవాత ఒక్క మాట ఆలోచించండి. ఆ పొలాలు దున్నింది ఎవరు? నదికి ఆ పక్కన అది బానిసల చేత సేద్యం చేయించే దేశం. నది మీది స్వేచ్ఛ ఒడ్డు మీది కష్టాన్ని తింటూనే ఉంది.

ఇక నది స్వయంగా ఎవరి పక్షమూ కాదు. వరదలో తెప్పనూ, చిన్న పడవనూ తెచ్చి ఇస్తుంది. అదే వరదలో ఒక శవం ఉన్న ఇల్లు కూడా కొట్టుకువస్తుంది. దీవిలో హక్ వేళాకోళానికి చచ్చిన పామును పెడితే దాని జత పాము వచ్చి జిమ్‌ను కాటేస్తుంది, నాలుగు రోజులు జిమ్ పడి ఉంటాడు. పొగమంచు కమ్మి దారి తప్పిస్తుంది. ఆవిరి పడవ వచ్చి తెప్పను గుద్దుతుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి: అడవి గుడిసె, తెప్ప రెండూ ఊరికి దూరంగా ఉన్నవే. హక్‌కు ఒకటి చెరగా, మరొకటి ఇల్లుగా ఎందుకు అనిపించాయి? అయిదు వాక్యాల్లో రాయండి.

7.4 దక్షిణానికి పారే నది

ఇక్కడ పటం తెరిచి చూడడం అవసరం. మిసోరి బానిసత్వం ఉన్న రాష్ట్రం. ఎదురుగా ఇలినాయ్ లేని రాష్ట్రం. మరి జిమ్ నేరుగా నది దాటి ఇలినాయ్‌లో ఎందుకు దిగలేదు? పారిపోయిన బానిసను పట్టి అప్పగిస్తే బహుమతి వస్తుంది. జిమ్ తల మీద మూడు వందల డాలర్లు ఉన్నాయి. అందుకని కైరో పట్టణం దగ్గర ఒహాయో నది కలిసే చోటు దాకా పోయి, అక్కడ ఆవిరి పడవ ఎక్కి ఒహాయో మీద ఎగువకు, బానిసత్వం లేని రాష్ట్రాల లోపలికి పోవాలనేది వాళ్ల ఆలోచన. పొగమంచు రాత్రి కైరో దాటిపోతుంది. ఆ తరవాత నది మోసుకుపోయే ప్రతి మైలూ జిమ్‌ను బానిసత్వపు నడిబొడ్డుకే చేరుస్తుంది. న్యూ ఆర్లియన్స్ అటే ఉంది.

హక్ తెప్ప మీద కాళ్లు నీళ్లలో వేలాడేసి ఆనందంగా ఉన్న రోజుల్లో జిమ్ పరిస్థితి ఏమిటి? పగటి పూట అతను బయటికి కనిపించకూడదు. మధ్యలో ఎక్కిన ఇద్దరు మోసగాళ్లు (తాము రాజు, డ్యూక్ అని చెప్పుకునేవాళ్లు) ఒక ఉపాయం చేస్తారు. జిమ్‌ను తాళ్లతో కట్టి, పట్టుబడిన బానిస అని చూపే కాగితం అచ్చువేస్తారు. తరవాత కట్లు తీసేసి, నాటకం బట్టలు తొడిగి, ఒంటికి నీలం రంగు పూసి, ‘జబ్బు చేసిన అరబ్బు’ అని పలక రాసిపెడతారు. చదువుతుంటే నవ్వు వస్తుంది. కాని కట్లు లేకుండా పగలు తెప్ప మీద కూర్చోవడానికి ఒక మనిషి శవంలా కనిపించాల్సి వచ్చింది. ఈ ఒక్క దృశ్యం చాలు, తెప్ప సమాజానికి బయట లేదని చెప్పడానికి.

హక్‌కు వెనక వదిలి వచ్చిన ఇల్లంటూ లేదు. జిమ్‌కు భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. స్వేచ్ఛ దొరికాక పైసా పైసా కూడబెట్టి వాళ్లను కొని విడిపిస్తానంటాడు. రాత్రిళ్లు హక్ నిద్రపోతున్నాడనుకుని పిల్లలను తలుచుకుని ఏడుస్తాడు. జ్వరం వచ్చి చెవుడు వచ్చిందని తెలియక, మాట వినలేదని తన చిన్న కూతురిని కొట్టిన రోజును చెప్పుకుంటాడు. హక్‌కు నది సమాజం నుంచి బయటపడే దారి. జిమ్ కోరుకునేది అది కాదు. సమాజంలోకి ఒక భర్తగా, తండ్రిగా, కూలి డబ్బు తన చేతికే అందే మనిషిగా అడుగుపెట్టాలన్నది అతని కోరిక. ప్రకృతి–సమాజాల చర్చలో జిమ్‌ను పట్టించుకుంటే ప్రశ్నే మారిపోతుంది. పెర్సివల్ ఎవరెట్ 2024లో ఇదే కథను జిమ్ నోట చెప్పిస్తూ ‘జేమ్స్’ అనే నవల రాశాడు, దానికి 2025లో పులిట్జర్ బహుమతి వచ్చింది. నూట నలభై ఏళ్ల తరవాత కూడా ఆ తెప్ప మీద చెప్పవలసిన కథ మిగిలే ఉందన్నమాట.

7.5 తెప్ప మీదికి ఎక్కిన సమాజం

నవలలో అతి ముఖ్యమైన ఘట్టం ముప్పయి ఒకటవ అధ్యాయంలో వస్తుంది. మోసగాళ్లు జిమ్‌ను నలభై డాలర్లకు అమ్మేస్తారు. హక్ తెప్ప మీద ఒంటరిగా కూర్చుని ఆలోచిస్తాడు. చుట్టూ ప్రకృతి తప్ప ఎవరూ లేరు. అప్పుడు అతనికి వినిపించేది ఎవరి గొంతు? అచ్చంగా మిస్ వాట్సన్ గొంతే. పరాయి సొత్తును దొంగిలించడానికి సాయపడ్డావు, నరకానికి పోతావు అని అతని మనస్సాక్షే అంటుంది. దాని మాట విని మిస్ వాట్సన్‌కు జిమ్ ఆచూకీ చెబుతూ ఉత్తరం రాస్తాడు. రాయగానే పాపం కడిగినట్టు తేలిక పడతాడు.

ఉత్తరం కింద పెట్టాక జ్ఞాపకాలు వస్తాయి. వెన్నెల రాత్రులు, తుఫానులు, పాటలు, తన కాపలా వంతు వచ్చినా నిద్ర లేపకుండా జిమ్ తానే కాపలా కాయడం. జిమ్‌కు వ్యతిరేకంగా మనసును గట్టి చేసుకునేందుకు ఒక్క జ్ఞాపకమూ దొరకదు. నరకానికే పోతాను అని నిర్ణయించుకుని ఉత్తరం చించేస్తాడు.

ఇక్కడ రెండు అంశాలు గమనించాలి. మొదటిది, హక్ తాను మంచి పని చేస్తున్నానని అనుకోవడం లేదు, తప్పు చేస్తున్నాననే నమ్ముతున్నాడు. అతని లోపలి సమాజం ఓడిపోలేదు, అతను దానికి ఎదురు తిరిగాడు, అంతే. రెండవది, ఉత్తరం చింపించింది నది అందం కాదు. నది మీద ఒక మనిషితో కలిసి బతకడం వల్ల పుట్టిన అనుబంధం. పొగమంచు రాత్రి తరవాత తాను చేసిన వేళాకోళానికి జిమ్ నొచ్చుకున్నప్పుడు హక్ క్షమాపణ చెప్పుకున్నాడు. దానికి మనసును సిద్ధం చేసుకోవడానికి అతనికి పదిహేను నిమిషాలు పట్టింది. ఆ పదిహేను నిమిషాలే ముప్పయి ఒకటవ అధ్యాయానికి పునాది. చిన్నదైనా తెప్ప కూడా ఒక సమాజమే, ఇద్దరు మనుషుల సమాజం. దాని నియమాలు ఒడ్డు మీది నియమాలకంటే మంచివి.

7.6 ఇబ్రహీంపూర్ నుంచి చూస్తే

అమెరికాలో ప్రకృతిని ఊరికి బయట వెతికే అలవాటు ట్వేన్‌కు ముందే బలపడింది. ఎమర్సన్ ‘ప్రకృతి’ అనే వ్యాసగ్రంథం 1836లో వచ్చింది. థోరో 1845 జులై 4న వాల్డెన్ మడుగు ఒడ్డున తన గుడిసెలో కాపురం పెట్టి రెండేళ్లకు పైగా ఉన్నాడు. (వాళ్లిద్దరూ బతికిన కాంకర్డ్ పట్టణంలోని గ్రంథాలయమే 1885లో ‘హకల్‌బెరీ ఫిన్’ను అల్మారాల్లోంచి తీసేసింది. పిల్లలకు పనికిరాని మోటు పుస్తకం అన్నారు.) ఈ ఆలోచనలో ప్రకృతి అంటే పని లేని చోటు, ఒంటరిగా ఉండే చోటు.

సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్‌లో చదివే విద్యార్థికి ఈ ఆలోచన అంత సహజంగా అనిపించకపోవచ్చు. మిసిసిపీ లాంటి నది పక్కన లేదు. నీళ్లంటే వాన, కుంట, చెరువు, బావి, బోరు. ఉపాధి హామీ పనుల్లో గుట్టల వాలు మీద కందకాలు తవ్వి, ఇళ్ల దగ్గర ఇంకుడు గుంతలు కట్టి, వాన నీటిని నేలలో నిలుపుకున్న గ్రామంగా ఇబ్రహీంపూర్‌కు పేరుంది. వాలుకు అడ్డంగా కందకం తీస్తే ఉరికే నీరు ఆగుతుంది, ఆగిన నీరు ఇంకుతుంది, దిగువ బావుల్లో ఊట పెరుగుతుంది. ఇందులో ఏది ప్రకృతి, ఏది సమాజం? వాన, గుట్ట ప్రకృతివే. గడ్డపార, కూలి, ఎక్కడ తవ్వాలన్న ఊరి నిర్ణయం సమాజానివి. విడదీసి చూపడం కష్టం.

ఇదే జిల్లాలో గోదావరి నీటిని ఎత్తిపోసి నింపే మల్లన్నసాగర్ ఉంది, దాని సామర్థ్యం 50 టీఎంసీలు. ఆ నీరు ఎన్నో పొలాలకు భరోసా. వేములఘాట్ లాంటి ఊళ్లు ఆ నీటి కిందనే మునిగాయి. ఆ కట్ట మీద నిలబడి నీటిని చూసే ఇద్దరు మనుషులకు, ఒకరు ఆయకట్టు రైతు, మరొకరు ఇల్లు పోగొట్టుకున్నవారు అయితే, ఆ నీరు ఒకేలా కనిపించదు. హక్, జిమ్‌ల నది సంగతి కూడా ఇంతే. నవల చదివేటప్పుడు ‘నది దేనికి సంకేతం?’ అనే ప్రశ్న పక్కనే ‘ఎవరికి?’ అన్న మాట చేర్చడం మన ప్రాంతపు చదువరికి కష్టమేమీ కాదు.

పోలికలో ఒక హెచ్చరిక. నిజాం కాలపు తెలంగాణలోని వెట్టినీ అమెరికా బానిసత్వాన్నీ ఒకటిగా రాయకండి. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలో కనిపించే వెట్టి కులం, భూమి, దొర అధికారం కలిసి చేయించుకున్న నిర్బంధ శ్రమ. అమెరికాలో మనిషే చట్టప్రకారం ఆస్తి, అతని పిల్లలు కూడా పుట్టుకతోనే ఆస్తి. రెండింటి బాధనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు, కలిపేస్తే రెండూ మసకబారతాయి.

భాష గురించి కూడా ఒక మాట. ట్వేన్ ఈ నవలను చదువుకున్న కథకుడి చేత కాకుండా బడి ఎగ్గొట్టిన కుర్రవాడి నోట, అతని యాసలోనే చెప్పించాడు. సిద్దిపేట పల్లె పిల్లవాడు తన ఇంటి మాటల్లో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నవల చెబితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎక్కడి పాఠకులైనా పుస్తకాల భాషకు అలవాటు పడితే దాన్ని మోటు అనే ప్రమాదం ఉంటుంది. ఆనాటి అవమానకరమైన జాతి పదం ఈ నవలలో రెండు వందలకు పైగా సార్లు వస్తుంది. తరగతి గదుల్లో దీన్ని ఎలా బోధించాలన్న వివాదం అమెరికాలో ఇప్పటికీ సాగుతోంది. హక్ జిమ్‌ను ప్రేమిస్తాడు, ఆ పదం వాడడం మాత్రం మానడు. అతని నాలుక మీద కూడా సమాజమే ఉంది.

7.7 హక్ ఎటు పోయాడు?

చివరి పది, పన్నెండు అధ్యాయాల్లో టామ్ సాయర్ వస్తాడు. ఫెల్ప్స్ పొలంలో బంధించి ఉన్న జిమ్‌ను విడిపించడానికి పుస్తకాల్లో చదివిన సాహసాలన్నీ ప్రయోగిస్తాడు. మిస్ వాట్సన్ రెండు నెలల కిందటే చనిపోయిందనీ, వీలునామాలో జిమ్‌ను విడుదల చేసిందనీ టామ్‌కు ముందే తెలుసు. తెలిసీ ఆట కోసం దాచాడు. ఈ భాగం నవలను బలహీనపరిచిందని చాలామంది విమర్శకులు అన్నారు, ఈ పాఠ రచయిత అభిప్రాయం కూడా దాదాపు అదే. అయితే ఒక సంగతి మిగులుతుంది. జిమ్‌కు స్వేచ్ఛ ఇచ్చింది నది కాదు, ఒడ్డు మీది కాగితం. బంధించిన అధికారమే విడిచిపెట్టింది.

ముగింపులో సాలీ పిన్ని హక్‌ను దత్తత తీసుకుని నాగరికుణ్ణి చేస్తానంటుంది. హక్ అందరికంటే ముందు పడమటి ‘టెరిటరీ’కి పారిపోతానంటాడు. చాలా పాఠాలు దీన్ని ప్రకృతి విజయంగా చెబుతాయి. ఆ టెరిటరీ ఏదో చూడండి. 1830 నాటి తరలింపు చట్టం కింద చెరోకీ తదితర ఆదివాసీ జాతులను తూర్పు నుంచి వెళ్లగొట్టి పెట్టిన ప్రాంతం అది. 1838–39లో ఆ దారిలో వేలమంది చనిపోయారు. టామ్ అక్కడికి పోదామన్నది కూడా ఆదివాసీల మధ్య కొన్నాళ్లు సాహసాలు చేయడానికే. హక్ ఖాళీ నేల అనుకుని బయలుదేరిన చోట అప్పటికే మనుషులు ఉన్నారు. తమ ఊళ్లు పోగొట్టుకుని వచ్చినవాళ్లు.

7.8 మాదిరి ప్రశ్నలు

1. జిమ్ దృష్టితో మిసిసిపీ నది పాత్రను వివరించండి.

2. ముప్పయి ఒకటవ అధ్యాయంలో హక్ మనస్సాక్షి ఎవరి పక్షాన మాట్లాడింది? సంఘటనలతో చర్చించండి.

3. మీ ఊళ్లోని ఒక చెరువు, వాగు లేదా అడవి గురించి ఆలోచించండి. అది అందరికీ ఒకే అర్థం ఇస్తుందా? ఆ పరిశీలనను ‘హకల్‌బెరీ ఫిన్’లోని ఒక సన్నివేశంతో పోల్చి రాయండి.